ముద్ర లేని కొలమానం

మనిషి తానెవరో తానే చెప్పుకోవడం ఎంత ప్రమాదకరమో మన పూర్వీకులు గ్రహించలేదు. ఎవరైనా తలుపు తట్టి "నేనే" అంటే తీసేసేవారు. నాగరికత ఇంతకాలం వెనకబడి ఉండటానికి అదొక్కటే కారణమని, వ్యక్తి గుర్తింపు నిర్ధారణ చట్టం ముందుమాటలో స్పష్టంగా రాసి ఉంది.

నిజానికి ఆ చట్టం మొదట్లో ఒక్క వాక్యమే. "ఎవరైనా తాము స్త్రీయో, పురుషుడో, మరొకరో తామే ప్రకటించుకోవచ్చు" అనే నాలుగో సెక్షన్. మిగతా మూడు సెక్షన్లూ చట్టం పేరు, తేదీ, అది ఎక్కడెక్కడ వర్తిస్తుందనే వివరాలు. చదివిన ప్రతివాడికీ అర్థమైపోతుండటంతో సభలో అన్ని పక్షాలూ ఆందోళన వ్యక్తం చేశాయి. అర్థమైతే జనం వాడుకుంటారు కదా. అందుచేత నాలుగు (అ) చేర్చి, ప్రకటించుకున్న మనిషి చెప్పింది నిజమేనా అని చూడమన్నారు. నాలుగు (ఆ) చేర్చి, చూసినవాళ్లు సరిగ్గా చూశారా అని చూడమన్నారు. ఇలా అక్షరమాల అయిపోయేదాకా చేర్చుకుంటూ పోయి (‘ఋ’ దగ్గర కొంత జాప్యం జరిగిందట), దీన్నంతటినీ అమలు చేయడానికి గుర్తింపు కొలమాన మండలి అనే కార్యాలయం తెరిచారు. నాలుగో సెక్షన్‌ను మాత్రం ఎవరూ తీసేయలేదు. దాని మీద ఇన్ని ఆధారపడి ఉన్నాయి మరి.

ఈ మండలితో నాకు పరిచయం మా చిట్టి వల్ల కలిగింది.

చిట్టి మా చిన్న సంతానం. పుట్టినప్పుడు ఆస్పత్రిలో అబ్బాయి అని రాశారు. ఇరవై రెండేళ్లపాటు మేమూ అదే చదువుకున్నాం. నా భార్య పోయిన నాలుగో ఏట ఒక సాయంత్రం ఇద్దరం గిన్నెలు కడుగుతున్నాం. నేను తోముతాను, చిట్టి కడిగి బోర్లిస్తుంది.

"నాన్నా, నేను అబ్బాయిని కాను. అమ్మాయిని. చిన్నప్పట్నించీ."

"ఆ గ్లాసు జారుతోంది, చూసుకో" అన్నాను.

తండ్రి గొప్ప మాటేదైనా అనవలసిన సమయమది. నాకు ఆ మాటే దొరికింది. చిట్టి ఒక్క క్షణం నన్ను చూసి పకపకా నవ్వింది. ఆ నవ్వు చూశాక గ్లాసు పోయినా ఫరవాలేదనిపించింది. పోలేదు కూడా.

తర్వాత రెండేళ్లకు చిట్టికి నీటి సరఫరా విభాగంలో పంపు ఆపరేటరు ఉద్యోగం వచ్చింది. మోటార్లంటే దానికి ప్రాణం. చెవి ఆనించి లోపల ఏ బేరింగు అరిగిందో చెప్పేస్తుంది. కొత్త పేరుతో దరఖాస్తు చేసింది కనక నియామక పత్రంలో షరతు ఒక్కటే: ముప్పై రోజుల్లోగా మండలి ఇచ్చిన గుర్తింపు పత్రంతో చేరాలి, లేకపోతే ఉద్యోగం జాబితాలో తర్వాతివారికి పోతుంది. పాత కాగితాలతో, పాత పేరుతో చేరితే ఏ ఇబ్బందీ లేదని అక్కడి గుమాస్తా మంచిమనసుతోనే చెప్పాడు. "ముప్పై ఏళ్ల సర్వీసండీ. అన్నాళ్లూ వేరేవాళ్లలా సంతకం పెట్టాలా?" అని అడిగి చిట్టి వచ్చేసింది.

దరఖాస్తుకు మొదటి మెట్టు ఏడో నంబరు ఫారం. దాని పేరు ‘కుటుంబ అభ్యంతర రాహిత్య పత్రం’. అందులో తండ్రి వైపు పెద్దదిక్కు ఒకరు సంతకం చేయాలి. (తండ్రి సంతకం అక్కర్లేదు. పిల్లలంటే మమకారం ఉంటుంది కనక తండ్రి మాట నమ్మదగింది కాదని చట్టం భావించింది.) మా వైపు పెద్దదిక్కు మా అక్క. ఆమె గదిలోకి వస్తే గడియారం కూడా టైము సరిచూసుకుంటుంది.

"ఒరేయ్ తమ్ముడూ, నీకు మతి గాని పోయిందా? నలుగురూ ఏమనుకుంటారు?" అంది అక్క, ఫారాన్ని వేలి కొసలతో పట్టుకుని.

"అనుకోనీ అక్కా."

"అనుకోనీ అంటే సరిపోయిందా! నువ్వు పొద్దస్తమానం వంటింట్లో గరిటె తిప్పుతూ కూచుంటే పిల్లాడు ఇలా కాక ఎలా అవుతాడు? ఇంట్లో మగాడన్నవాడు ఒక్కడైనా ఉండాలి."

"అప్పుడప్పుడూ నేను వస్తూనే ఉన్నాగా" అన్నారు బావగారు.

"మీరూరుకోండి."

ఆయన ఊరుకున్నారు. ఊరుకోవడంలో ఆయనకు నలభై ఏళ్ల అనుభవం ఉంది. అక్క ఫారం మడిచి ఆయన చేతిలో ఉన్న తన సంచిలో పడేసింది. సంతకం మాత్రం చేయలేదు.

అయితే చట్టం ఇలాంటి కుటుంబాలను ముందే ఊహించింది. ఆరో నిబంధన కింద ప్రభుత్వం ప్రతి వార్డుకూ నలుగురిని నియమించింది. ఎవరి ఇంట్లోనైనా ‘నలుగురూ ఏమనుకుంటారు’ అనే సందేహం వస్తే నేరుగా వెళ్లి అడిగి, రాతపూర్వకంగా తెచ్చుకోవచ్చు. మండలి మేడ మీద చివరి గది వాళ్లది. నలుగురూ హాజరైతేనే అభిప్రాయం చెల్లుతుంది. ముగ్గురే వస్తే వాళ్లేం అనుకున్నా లెక్కలోకి రాదు. వాళ్లలో ఒకాయనకు మోకాళ్ల నొప్పులు కనక మేడ ఎక్కలేడు. ఐదు రోజులు తిరిగాక, ఆయన్ను కింద మెట్ల దగ్గర కుర్చీ వేసి కూర్చోబెట్టి, మిగతా ముగ్గురినీ దింపించాను. సంగతంతా విన్నారు. ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"మేమేం అనుకోలేదండీ. మా ఇళ్లలో మా గొడవలే మాకు సరిపోతున్నాయి" అన్నాడు మోకాళ్లాయన.

అదే రాసి, నాలుగు సంతకాలు పెట్టించి అక్కకు చూపించాను.

"వీళ్లెవర్రా? వీళ్లు కాదు. అసలు నలుగురు వేరే ఉన్నారు" అంది.

అప్పటికి పన్నెండు రోజులు గడిచాయి. సంతకం వచ్చేలోపు మండలి పెట్టే పరీక్షయినా అయిపోతుందని, ఏడో ఫారం ‘తర్వాత సమర్పించబడును’ అని రాసి, చిట్టిని తీసుకుని మండలికి వెళ్లాను.

మండలి హాల్లో రెండు బెంచీలు. స్త్రీ, పురుషుడు అని రాసినవాళ్లకు ఒకటి. ‘మరొకరు’ అని రాసినవాళ్లకు వేరే ప్రశ్నావళి తయారవుతోంది కనక, అంతవరకూ కూర్చోవడానికి వాళ్లకింకొకటి. వాళ్లు అలా కూర్చుని పద్నాలుగు నెలలైంది. బెంచీ మాత్రం మంచిదే, ఫ్యాను కిందే ఉంది. కిటికీ దగ్గర గుమాస్తా ఒక నడివయసు ఆవిడ. ఎవరు వచ్చినా తల ఎత్తి చూసేది. ప్రభుత్వ కార్యాలయాల్లో ముప్పై నాలుగేళ్లు గడిపినవాణ్ణి, ఇలా చూసేవాళ్లు ఎంత అరుదో నాకు తెలుసు.

లోపల ముగ్గురు సభ్యులు. గుబురు మీసాల అధ్యక్షులవారు, ఒక డాక్టరమ్మ, చట్టం పుస్తకం ఒళ్లో పెట్టుకున్న న్యాయసభ్యుడు. వాళ్ల ముందు నలభై ప్రశ్నల పత్రం. దాన్ని ప్రశ్నాపత్రం అనకూడదు, కొలమానం అనాలి. ఒక్కో జవాబు స్త్రీ గడిలోనో, పురుష గడిలోనో పడుతుంది. ఏ గడిలో ఇరవై ఆరు నిండితే మనిషి అది.

"దారి తెలియకపోతే ఎవరినైనా అడుగుతావా?" అధ్యక్షులవారు మొదలుపెట్టారు.

"అడుగుతానండి" అంది చిట్టి.

"స్త్రీ ఒకటి. ఇంట్లో కుళాయి కారితే?"

"వాషర్ మారుస్తానండి."

"పురుష ఒకటి. అద్దం ముందు ఎంతసేపు?"

"దువ్వెన దొరికేదాకానండి."

దానికి ఏ గడీ లేదు. డాక్టరమ్మ నవ్వు ఆపుకుని అర మార్కు అటూ అర మార్కు ఇటూ వేసింది.

"చొక్కా బొత్తాం ఊడితే కుట్టడం వచ్చా?"

"రాదండి. మా నాన్న కుడతారు."

ముగ్గురూ నా వైపు తిరిగారు. తండ్రిని సాక్షిగా ప్రశ్నించే అధికారం మండలికి ఉందట. బొత్తాం కుట్టడం ఎలా నేర్చుకున్నానో చెప్పమన్నారు. నా భార్య పోయాక నా చొక్కా బొత్తాం ఊడితే, ఆమె కుట్టిన వేరే బొత్తాన్ని ఒక్కో పోగూ విప్పి, దారం ఎటు నుంచి ఎటు వెళ్లిందో చూసి నేర్చుకున్నానని చెప్పాను. డాక్టరమ్మ కలం కింద పెట్టింది. న్యాయసభ్యుడు మాత్రం రాసుకున్నాడు. మాటల్లో మాటగా నాచేత మిగతా ప్రశ్నలకూ జవాబులు చెప్పించారు. పాలు పొంగేలోపు ఎవరు పరుగెత్తుతారు, జ్వరం వస్తే ఇంటిపని ఆగుతుందా, ఏడుపొస్తే తలుపు వేసుకుంటారా లాంటివి. మొహమాటపడకుండా ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

ఫలితం సాయంత్రం గోడకు అంటించారు. చిట్టికి స్త్రీ పంతొమ్మిదిన్నర, పురుష ఇరవైన్నర. ఏదీ కాదు. నాకు స్త్రీ ముప్పై ఒకటి.

రెండు రోజుల్లో నోటీసు వచ్చింది. రికార్డుల్లో పురుషుడిగా నమోదై ఉన్న నేను ఇన్నేళ్లూ ఆ విషయం ఎందుకు దాచానో పదిహేను రోజుల్లో సంజాయిషీ ఇచ్చుకోవాలి.

"అమ్మాయిని అవుదామనుకున్నది నేను, అయింది నువ్వు" అంది చిట్టి, నోటీసు రెండుసార్లు చదివి. నవ్వుతూనే అంది. కాని ఆ పూట సరిగ్గా అన్నం తినలేదు. ముప్పైలో పద్దెనిమిది రోజులు అయిపోయాయి. ఆ పంపుహౌసు దారిన రోజూ ఊరికే ఒకసారి నడిచి వస్తోందని నాకు తెలుసు.

నేను పనిచేసింది తూనికలు కొలతల శాఖలో. నా ఉద్యోగమంతా ఒకటే పని. కొట్లోకి వెళ్లడం, మా పెట్టెలోంచి ప్రామాణికమైన ఇనప రాయి తీసి కాటా మీద పెట్టడం. కిలో రాయి పెడితే కిలో చూపించాలి. చూపిస్తే ముద్ర. చూపించకపోతే తాళ్లు కట్టి, లక్క వేసి, ‘పనికిరాదు’ అని చీటీ తగిలించడం. అన్నేళ్లలో ఒక్కసారి కూడా, కాటాతో పేచీ వచ్చిందని రాయిని తప్పుపట్టలేదు.

ఈ మాటే తెల్లకాగితం మీద అర్జీ రాశాను: "తమ కార్యాలయంలోని కొలమానం మీద ముద్ర కనబడలేదు. ప్రభుత్వం వాడే కొలత సాధనమేదైనా ఏడాదికోసారి ప్రామాణిక వస్తువుతో సరిచూసి ముద్ర వేయించుకోవాలని చట్టం. దయచేసి చూపగలరు."

దానికి కొలమానమని పేరు పెట్టకపోతే ఏ గొడవా ఉండేది కాదు. పెట్టారు. న్యాయసభ్యుడు రెండు రోజులు పుస్తకాలు తిరగేసి, ముద్ర తప్పదని తేల్చాడు. మా శాఖను పరీక్షాధికారిని పంపమంటే, మనుషులు లేరని, రిటైరైనవారిలో దగ్గరున్నవారిని పెట్టుకోమని జవాబొచ్చింది. దగ్గరున్నవాణ్ణి నేను. అర్జీదారుడే పరీక్షాధికారి కావడంలో తప్పుందా అని న్యాయసభ్యుడు మళ్లీ వెతికాడు. తప్పు ఉంది గాని, దానికి ఫారం లేదట.

పరీక్ష జరిగింది ఇరవై ఆరో రోజున. హాలంతా జనం. అక్కా బావగారూ కూడా వచ్చారు. అక్క వచ్చింది తొమ్మిదో నంబరు ఫారం, అంటే అభ్యంతర పత్రం, ఇవ్వడానికి. కిటికీ దగ్గర వరస పెద్దదిగా ఉండటంతో చిట్టి లేచి ఆమెకు తన చోటిచ్చింది. అక్క కూర్చుంది.

"కొలమానాన్ని సరిచూడటానికి సందేహం లేని పురుషుడు ఒకరు, సందేహం లేని స్త్రీ ఒకరు కావాలండి" అన్నాను.

"దానికంత వెతుకులాట ఎందుకు?" అధ్యక్షులవారు మీసం సవరించుకుని ముందుకొచ్చారు. "అడగండి."

"దారి తెలియకపోతే ఎవరినైనా అడుగుతారా?"

"నేనా? ఛ! మా ఆవిడ అడుగుతుంది."

"బొద్దింక కనబడితే?"

కాస్త ఆలోచించారు. "దానికీ మా ఆవిడేనండి."

ఆయనకు పురుష ఇరవై రెండు వచ్చింది. మీసానికి విడిగా మార్కులుంటాయేమోనని న్యాయసభ్యుణ్ణి చూశారు. లేవు. డాక్టరమ్మకు స్త్రీ పద్నాలుగు, పురుష సరిగ్గా ఇరవై ఆరు. కొలమానం ప్రకారం ఆవిడ పురుషుడు.

"స్టూలెక్కి బల్బు మార్చిన రోజునే అనుకున్నా, ఏదో తేడా కొడుతోందని" అందావిడ.

న్యాయసభ్యుడికి అటు ఇరవై, ఇటు ఇరవై. సమానత్వం గురించి చట్టంలో ఎంతో ఉన్నా ఇలాంటిది ఎక్కడా లేదని పాపం చాలా బాధపడ్డాడు. నిబంధన ప్రకారం ముగ్గురికీ ముగ్గురూ నోటీసులు రాసుకుని, ముగ్గురూ అందినట్టు సంతకాలు చేశారు.

అక్క ఇంక ఉండబట్టలేక లేచింది. "ఇంతమంది చదువుకున్నవాళ్లు, ఒక్కళ్లూ సరిగ్గా చెప్పలేరా? నన్నడగండి. ఆడదన్నది ఎలా ఉండాలో నేను చెప్తా."

నలభై ప్రశ్నలూ వేశాను. దారి ఎవరినీ అడగదు, దారే ఆమెను అడగాలి. ఇంట్లో ఆఖరి మాట ఎవరిది? "నాదే. వీరినడగండి." ఎదుటివాళ్ల ముందు కన్నీళ్లు పెట్టుకుంటారా? "నేనెందుకు పెట్టుకుంటాను? వాళ్లు పెట్టుకుంటారు." తప్పు ఒప్పుకున్న చివరి సందర్భం? "అలాంటిది జరిగితేగా!"

కూడి చూశాను. మళ్లీ కూడాను. అక్కకు పురుష ముప్పై ఎనిమిది.

"నాకెప్పుడో తెలుసు" అన్నారు బావగారు, ఎంతో శాంతంగా.

అధ్యక్షులవారి మొహం వెలిగిపోయింది. లేచి రెండు చేతులూ జోడించారు. "అమ్మా... క్షమించాలి, అయ్యా! మండలి పెట్టినప్పటి నుంచీ ఇంత వచ్చినవారు లేరు. తమరిని ప్రామాణిక పురుషుడిగా ప్రకటిస్తున్నాం. పేరు ఈ రోజే రికార్డులో మార్పిస్తాను."

"ఏంటీ? నేను ఆడదాన్నయ్యా! నేనెవరో నాకు తెలీదా?"

"ఆధారమేమైనా ఉందాండీ?"

"ఆధారమేంటి, నేను చెప్తుంటే!"

"మీరు చెప్పేది మీ గురించే కదండీ. అది చెల్లదు. కుటుంబ పెద్దలెవరైనా సంతకం పెడితే..."

"అరవై ఏడేళ్లుగా నేను నేనే! నా గురించి ఇంకొకడు సంతకం పెట్టాలా? నువ్వెవరివి నాకు చెప్పడానికి?"

అక్క నోరు తెరిచి, ఇంకో మాటేదో అనబోయి ఆగిపోయింది. చిట్టి వెళ్లి మూత తీసిన నీళ్ల సీసా అందించింది.

"తాగండత్తా. మొదటిసారి నాకూ ఇలాగే నోరెండిపోయింది."

అక్క నీళ్లు తాగింది. చాలాసేపు తాగింది. తర్వాత బావగారి వైపు చేయి చాపింది. ఆయన ఏమీ అడగకుండా సంచిలోంచి ఏడో ఫారం తీసి ఇచ్చారు, కలంతో సహా. మడతల్లో నలిగిపోయిన కాగితాన్ని ఒళ్లో పెట్టుకుని సాపు చేసి, అక్క సంతకం పెట్టింది.

"పెద్ద గొప్పేం కాదు. ఈ మీసాలాయనకి బుద్ధి రావాలని పెట్టాను" అని నాతో అంది. కాగితం నా చేతిలో పెడుతూ, "దాని ఉద్యోగం ఎన్నో తారీకు?" అంది.

నేను కొలమానానికి తాళ్లు కట్టి, లక్క వేసి, ‘పనికిరాదు’ అని చీటీ తగిలించాను. నలభై ప్రశ్నల కాగితానికి తాళ్లు కట్టడం కొంచెం కష్టమే, కాని చేయి మర్చిపోలేదు. సాధనం మరమ్మతులో ఉన్నప్పుడు ఏం చేయాలని న్యాయసభ్యుణ్ణి అడిగితే, నాలుగు (అ) నుంచి ఆఖరి అక్షరం దాకా అన్నీ కొలమానాన్ని బట్టే నడుస్తాయి కనక ప్రస్తుతానికి మిగిలింది నాలుగో సెక్షనొక్కటే అన్నాడు, గొంతు తగ్గించి.

అయితే సంతకం ఎవరు చేయాలి? సభ్యులు ముగ్గురి గుర్తింపూ విచారణలో ఉంది. కార్యాలయం మొత్తంలో అనుమానం లేని గుర్తింపు కిటికీ దగ్గర గుమాస్తాదొక్కటే. ఆవిణ్ణి ఎవరూ ఎప్పుడూ ఏమీ అడగలేదు. అధ్యక్షులవారు ముద్ర తీసుకొచ్చి ఆవిడ బల్ల మీద పెట్టారు.

ఆవిడ చిట్టి కాగితాలు తీసి, తల ఎత్తి చూసింది.

"మీరెవరండీ?"

"అమ్మాయినండి."

"పేరు ఇదేనా?"

"ఇదేనండి."

ముద్ర పడింది. నేను కళ్లజోడు తీసి తుడుచుకునేలోపు అయిపోయింది. గుమాస్తా ఫ్యాను కింద బెంచీ వైపు తిరిగి, "మీరూ రండి. వరసలో రండి, అందరికీ అవుతుంది" అంది. పద్నాలుగు నెలలు కూర్చున్నవాళ్లు కదా, వెంటనే నమ్మలేదు. ఒకరు ముందు లేచి వెళ్లి వచ్చాక మిగతావాళ్లు లేచారు.

చిట్టి ఇరవై తొమ్మిదో రోజున ఉద్యోగంలో చేరింది. మొదటి వారమే రెండో నంబరు మోటారులో బేరింగు అరిగిందని చెప్పి, ఎవరూ నమ్మకపోతే విప్పి చూపించిందట. మా అక్క పంపుహౌసుకు వెళ్లి, మేనకోడలికి సరైన కుర్చీ లేదని పెద్ద ఇంజనీరును నిలదీసి వచ్చింది. నా సంజాయిషీ ఇంకా పరిశీలనలోనే ఉంది. అంతవరకు నేను తాత్కాలిక పురుషుణ్ణి.

కొలమానం మరమ్మతులో ఉన్నది మూడు రోజులు. ఇప్పుడు అరవై ప్రశ్నలతో తిరిగొచ్చింది, ముద్ర అక్కర్లేదని సవరణ కూడా తెచ్చుకుంది. ఆ మూడు రోజుల్లో నూట పన్నెండు మంది తామెవరో తామే చెప్పి పత్రాలు తీసుకున్నారు. మండలి వాటన్నిటినీ తిరిగి తనిఖీ చేయించగా, తమ గురించి తాము పొరపాటుగా చెప్పినవారు ఒక్కరు కూడా బయటపడలేదు. ఇది ఎలా జరిగిందో విచారించి, మళ్లీ జరగకుండా తగిన చర్యలు సూచించడానికి ప్రభుత్వం ఒక ఉన్నతస్థాయి సంఘాన్ని నియమించింది.